మదనపల్లెలో దొరికిన ‘టీబీ కాని టీబీ’

ఈ ఎపిసోడ్‌ను మా అవ్వ మాటతో మొదలుపెడతా.

చిన్నప్పుడు మా ఊర్లో ఎవరి పెళ్లి సంబంధం మాట వచ్చినా, అవ్వ ఒకోసారి గొంతు తగ్గించి, "వాళ్ల నాయిన మదనపల్లెకు పోయొచ్చినోడంట" అనేది. అంతే, ఆ సంబంధం ఇంక ముందుకు పోయేది కాదు. నాకేమో అర్థమయ్యేది కాదు. మదనపల్లె అంటే టమాటా మార్కెట్ కదా, పోయొస్తే ఏమైంది? అని. పెద్దయినాక తెలిసింది. కడప జిల్లా పల్లెల్లో ఆ కాలం వాళ్లకు మదనపల్లె అంటే టీబీ ఆసుపత్రి. అక్కడికి పోయినారంటే క్షయ ఉన్నట్టే. ఆ ఇంటికి పిల్లనివ్వరు, ఆ ఇంటి చెంబుతో నీళ్లు తాగరు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. అప్పట్లో టీబీ అని ముద్ర పడినవాళ్లలో కొంతమందికి అసలు టీబీనే లేదు. దగ్గు ఉంది, జ్వరం ఉంది, బరువు తగ్గారు, ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల నిండా మచ్చలున్నాయి. అయినా అది టీబీ కాదు. ఈ సంగతి లండన్‌లోనో న్యూయార్క్‌లోనో కాదు, మన మదనపల్లె పక్కనున్న ఆ టీబీ ఆసుపత్రిలోనే ఇద్దరు డాక్టర్లు గమనించి, 1940లో అచ్చు వేయించారు. ఈ రోజు కథ అదే. ఆ జబ్బుకు పేరు ఎట్లా వచ్చింది, మందు ఎట్లా దొరికింది, దాన్నే పోలి ఉండే ఇంకో అరుదైన రక్తనాళాల జబ్బును దాన్నుంచి ఎట్లా వేరు చేస్తారు, ఈ మూడూ చూద్దాం.

ముందు ఆ చోటు గురించి

మదనపల్లె 1911 దాకా కడప జిల్లాలోనే ఉండేది. ఆ ఏడాది చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి పోయింది. 2022లో అన్నమయ్య జిల్లాలోకి వచ్చింది. జిల్లాల పేర్లు మారినా ఊరు మాత్రం మన సీమదే. 1919లో రవీంద్రనాథ్ టాగోర్ ఇక్కడికి వచ్చి ‘జన గణ మన’ను ఇంగ్లీషులోకి మార్చింది ఈ ఊర్లోనే. అది చాలామందికి తెలుసు. ఊరికి కొంచెం దూరంలో ఉన్న ఆరోగ్యవరం గురించి మాత్రం తక్కువమందికి తెలుసు.

సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తు. పొడి గాలి, ఎండ, చుట్టూ గుట్టలు. అప్పట్లో టీబీకి మందు లేదు కాబట్టి, ఇట్లాంటి గాలి ఉన్న చోటే ఆసుపత్రి కట్టాలని డాక్టర్లు అనుకునేవాళ్లు. అట్లా 1915లో కొన్ని క్రైస్తవ మిషన్లు కలిసి అక్కడ ఒక శానిటోరియం నడపడం మొదలుపెట్టాయి. దాని పేరు యూనియన్ మిషన్ ట్యూబర్‌క్యులోసిస్ శానిటోరియం. దాన్ని నిలబెట్టిన మనిషి డెన్మార్క్ దేశపు డాక్టరు, క్రిస్టియన్ ఫ్రిమోట్ మోలర్. దక్షిణ భారతం నలుమూలల నుంచీ రోగులు అక్కడికి వచ్చేవాళ్లు.

అక్కడ వైద్యం ఎట్లా ఉండేదో ఒకసారి ఊహించుకోండి. నెలల తరబడి మంచం మీద విశ్రాంతి. గుడ్లు, పాలు, మంచి తిండి. గాలి బాగా ఆడే వరండాలు. కొందరికి ఛాతీలోకి సూదితో గాలి ఎక్కించి, జబ్బు పడిన ఊపిరితిత్తిని కొన్నాళ్లు కుంచించి ఉంచేవాళ్లు, దానికి విశ్రాంతి దొరికితే మానుతుందని. టీబీ మీద పనిచేసే మొదటి మందు స్ట్రెప్టోమైసిన్ కనుక్కున్నది 1943లో. అది మన దాకా రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. అంటే 1940కి ముందు టీబీ అని రాసిస్తే, అది దాదాపు శిక్ష రాసినట్టే. ఇల్లు వదలాలి, పని వదలాలి, పిల్లల్ని దగ్గరికి తీసుకోకూడదు. తిరిగి వచ్చినా ఊరు మర్చిపోదు.

ఇంత పెద్ద శిక్ష తప్పు మనిషికి పడితే?

లెక్క కుదరని రోగులు

టీబీ నిర్ధారణకు అప్పుడు రెండు ఆధారాలు ముఖ్యం. ఒకటి ఎక్స్‌రే. రెండోది తెమడ పరీక్ష. తెమడను గాజు పలక మీద పూసి, రంగు వేసి, మైక్రోస్కోపులో టీబీ క్రిమి కనబడుతుందేమో చూడటం. ఆ క్రిమిని 1882లో రాబర్ట్ కాక్ చూపించాడు.

చిక్కు ఎక్కడంటే, కొందరి ఎక్స్‌రే చూస్తే రెండు ఊపిరితిత్తుల నిండా సన్న సన్న చుక్కలు. ఆవాలు చల్లినట్టు. టీబీ ఒళ్లంతా పాకినప్పుడు కూడా సరిగ్గా ఇట్లాగే కనబడుతుంది. అట్లాంటి టీబీ వస్తే ఆ రోజుల్లో మనిషి బతకడం కష్టం. కానీ ఈ రోగుల తెమడలో ఎన్నిసార్లు వెతికినా టీబీ క్రిమి దొరకదు. రాత్రిపూట దగ్గు ఎక్కువ. ఛాతీలో పిల్లికూతలు, ఆస్తమా లాగా. ఎక్స్‌రే చూస్తే మనిషి నిలవడు అనిపిస్తుంది, మనిషిని చూస్తే అంత ప్రమాదంలో ఉన్నట్టు ఉండడు.

ఇక్కడే రక్త పరీక్ష పనికొచ్చింది. మన రక్తంలో తెల్ల కణాల్లో చాలా రకాలు ఉన్నాయి. అందులో ఒక రకం ఇసినోఫిల్. దాన్ని గుర్తించి 1879లో పేరు పెట్టింది జర్మనీ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్. ఇయోసిన్ అనే ఎర్రటి రంగు వేస్తే ఈ కణాలు ఆ రంగును బాగా పట్టుకుని మెరుస్తాయి, అందుకే ఆ పేరు. మామూలు మనిషిలో ఒక మైక్రోలీటరు రక్తంలో ఇవి 500 లోపే ఉంటాయి. అలర్జీ ఉన్నా, కడుపులో నులిపురుగులు ఉన్నా కొంత పెరుగుతాయి. ఈ రోగుల్లో మాత్రం వేలల్లో ఉంటాయి. 3000 దాటడం మామూలు.

టీబీలో ఇట్లా జరగదు. అదీ లెక్క కుదరని చోటు.

ఫ్రిమోట్ మోలర్, ఆయనతో పాటు ఆర్. ఎం. బార్టన్ అనే డాక్టరు కలిసి 1940లో ‘ఇండియన్ మెడికల్ గెజిట్’ పత్రికలో ఒక వ్యాసం రాశారు. ఆ శీర్షికను తెలుగులో చెప్పాలంటే "ఇసినోఫిల్స్ పెరుగుదలతో పాటు వచ్చే, టీబీని పోలిన ఒక పరిస్థితి". చూడండి, జబ్బుకు పేరు కూడా పెట్టలేదు. "ఒక పరిస్థితి" అన్నారు. ఏమిటో తెలీదు, ఇది టీబీ మాత్రం కాదు అని చెప్పారు.

నాకు ఇక్కడ బాగా నచ్చే విషయం ఒకటుంది. టీబీ కోసమే కట్టిన ఆసుపత్రి అది. తలుపు దాటి లోపలికి వచ్చిన ప్రతి దగ్గూ టీబీగానే కనబడాలి కదా. సుత్తి చేతిలో లేకపోయినా అన్నీ మేకుల్లా కనబడే చోటు. అట్లాంటి చోట కూర్చుని "ఇది మా జబ్బు కాదు" అనగలగడం చిన్న విషయం కాదు. ఒక రకంగా చూస్తే, వేలమంది నిజమైన టీబీ రోగుల్ని దగ్గరగా చూసినవాళ్లు కాబట్టే, టీబీ కానిది వాళ్ల కంట్లో పడింది.

పేరు వచ్చింది, మందు వచ్చింది, కారణం మాత్రం రాలేదు

మూడేళ్లకు, 1943లో, వైన్‌గార్టెన్ అనే డాక్టరు భారతదేశంలో తాను చూసిన ఇట్లాంటి రోగుల గురించి ‘లాన్సెట్’ పత్రికలో రాశాడు. ఆయన పెట్టిన పేరే నిలిచిపోయింది. ట్రాపికల్ ఇసినోఫిలియా. అంటే ఉష్ణదేశాల్లో వచ్చే ఇసినోఫిల్స్ జబ్బు. ఆయన ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఆర్సెనిక్ కలిసిన మందు ఇంజెక్షన్ ఇస్తే ఈ రోగులు బాగవుతున్నారని.

ఆర్సెనిక్ అంటే పాషాణం. అవును, విషమే. అప్పట్లో సుఖరోగానికి వాడే మందు అది. ఆ రకం మందుల్ని తయారు చేసింది ఎవరో తెలుసా? మళ్లీ పాల్ ఎర్లిక్కే. ఇసినోఫిల్ కణాన్ని చూపించిందీ ఆయనే, ఆ కణాలు పెరిగిన జబ్బుకు మొదట పనిచేసిన మందు వెనక ఉన్నదీ ఆయనే. కానీ ఈ రెండూ ఇట్లా ఒక రోగి మంచం దగ్గర కలుస్తాయని ఆయనకు తెలీదు. 1915లోనే చనిపోయాడు, సరిగ్గా ఆరోగ్యవరం మొదలైన ఏడాది.

మందు పనిచేస్తోంది సరే, ఎందుకు పనిచేస్తోందో ఎవరికీ తెలీదు. కారణం తెలీకుండా విషం ఎక్కించడం అంటే కత్తి మీద సామే. ఆర్సెనిక్ వల్ల చర్మం, కాలేయం దెబ్బతినేవి. ఇంతకంటే మంచి మందు కావాలి. అది వచ్చింది, ఒక తెలుగాయన నడిపిన ల్యాబ్ నుంచి.

భీమవరం కుర్రాడు, బోదకాలు మాత్ర

యల్లాప్రగడ సుబ్బారావు పేరు మీరు వినే ఉంటారు. 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో చదివారు. అన్నదమ్ములిద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. 1923లో అమెరికా వెళ్లారు, మళ్లీ ఇండియాకు రాలేదు. హార్వర్డ్‌లో ఏళ్ల తరబడి పనిచేసి, 1940లో న్యూయార్క్ దగ్గర పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ కంపెనీ పరిశోధనశాలలో చేరారు. గమనించారా, మదనపల్లె వ్యాసం అచ్చయిన ఏడాదే.

రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికన్ సైనికులకు ఫైలేరియా సోకింది. మన భాషలో బోదకాలు తెచ్చే జబ్బు. దోమ కుడితే సన్నటి పురుగుల పిల్లలు ఒంట్లోకి చేరి, లింఫ్ నాళాల్లో పెరిగి పెద్దవై, కాళ్లు వాచిపోయేలా చేస్తాయి. గోదావరి జిల్లాల వాళ్లకు ఇది కొత్త జబ్బు కాదు. సుబ్బారావు పుట్టి పెరిగిన నేలలో ఏనుగు కాళ్లతో నడిచే మనుషులు వీధి వీధినా కనబడే రోజులవి.

ఆయన బృందం ఎలుకల మీద వరసగా రసాయనాలు పరీక్షించి, ఒక మందు పట్టుకుంది. డైఇథైల్ కార్బమజైన్. వ్యాపార పేరు హెట్రజాన్. 1947లో ప్యూర్టో రికోలో ఫైలేరియా రోగులకు ఇచ్చి చూశారు, పనిచేసింది. సుబ్బారావు మరుసటి ఏడాది, 1948 ఆగస్టులో, 53 ఏళ్లకే పోయారు.

తర్వాత 1950లలో డాక్టర్లు ఈ మాత్రను ట్రాపికల్ ఇసినోఫిలియా రోగులకు ఇచ్చి చూశారు. దగ్గు ఆగింది. పిల్లికూతలు పోయాయి. ఇసినోఫిల్స్ దిగాయి. పాషాణం ఇంజెక్షన్ అక్కర్లేదు, నోట్లో వేసుకునే మాత్ర చాలు. సాధారణంగా మూడు వారాల కోర్సు.

ఇప్పుడు ఆలోచించండి. బోదకాలు పురుగును చంపే మందు ఈ దగ్గును ఎందుకు తగ్గించాలి? తగ్గించిందంటే ఈ జబ్బు వెనక కూడా ఆ పురుగే ఉండాలి కదా! అనుమానం సరైనదే, కానీ సాక్ష్యం కావాలి. ఎందుకంటే ఈ రోగుల రక్తంలో అర్ధరాత్రి తీసి వెతికినా ఆ పురుగు పిల్లలు కనబడవు.

సాక్ష్యం వేలూరులో దొరికింది

మన కడప, చిత్తూరు వాళ్లకు "ఇంక వేలూరికి పోదాం పాండి" అనేది ఇప్పటికీ చివరి మాట. ఆ వేలూరు సీఎంసీ ఆసుపత్రిలోనే ముగ్గురు డాక్టర్లు, వెబ్, జాబ్, గాల్ట్, ఈ రోగుల ఊపిరితిత్తి, కాలేయం, లింఫ్ గ్రంథుల నుంచి ముక్కలు తీసి మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. 1960లో లాన్సెట్‌లో రాశారు. ఆ ముక్కల్లో ఫైలేరియా పురుగు పిల్లలు ఉన్నాయి. చుట్టూ ఇసినోఫిల్స్ గుంపుగా ముట్టడించి ఉన్నాయి.

అప్పుడు కథ మొత్తం అతుక్కుంది. ఫైలేరియా సోకినవాళ్లలో ఎక్కువమంది శరీరం ఆ పురుగు పిల్లల్ని ఓర్చుకుంటుంది, అవి రక్తంలో తిరుగుతుంటాయి. చాలా కొద్దిమందిలో మాత్రం, వందలో ఒకరి కంటే తక్కువే, శరీరం అతిగా స్పందిస్తుంది. పురుగు పిల్లలు ఊపిరితిత్తుల్లోని సన్నటి రక్తనాళాల్లోకి రాగానే వాటిని అక్కడే పట్టి చంపుతుంది. అందుకే రక్తంలో కనబడవు. ఆ పోట్లాట వల్లనే వాపు, దగ్గు, ఎక్స్‌రేలో ఆవాల చుక్కలు. దొంగ ఒకడే, వాణ్ణి పట్టుకోవడానికి ఇల్లంతా తగలబెట్టుకున్నట్టు. వైద్యం చేయకుండా ఏళ్ల తరబడి వదిలేస్తే ఊపిరితిత్తులు గట్టిపడిపోతాయి, ఆ నష్టం మళ్లీ పూడదు.

1940లో మదనపల్లెలో "ఒక పరిస్థితి". 1960లో వేలూరులో కారణం. మధ్యలో 20 ఏళ్లు. ఈ రెండు ఊర్ల మధ్య బస్సులో పోతే సగం రోజు కూడా పట్టదు.

అన్నదమ్ముల్లా కనబడే ఇంకో జబ్బు

కథ ఇక్కడితో అయిపోతే బాగుండేది. కానీ 1951లో న్యూయార్క్‌లో ఇంకో ఇద్దరు డాక్టర్లు, జేకబ్ చర్గ్, లోటె స్ట్రౌస్, 13 మంది రోగుల గురించి రాశారు. వాళ్లకూ తీవ్రమైన ఆస్తమా. వాళ్లకూ రక్తంలో ఇసినోఫిల్స్ విపరీతం. వాళ్ల ఊర్లో ఫైలేరియా మాత్రం లేదు. కణజాలం చూస్తే రక్తనాళాల గోడలే వాచి, చెడి ఉన్నాయి. బయటి శత్రువు ఎవరూ లేరు, శరీరం తన నాళాల మీద తనే దాడి చేస్తోంది. దీన్ని చాలాకాలం చర్గ్ స్ట్రౌస్ జబ్బు అన్నారు. 2012లో పేరు మార్చి ఈజీపీఏ అంటున్నారు. రక్తనాళాల వాపు జబ్బులన్నిటినీ కలిపి వాస్క్యులైటిస్ అంటారు, అందులో ఇదొకటి. చాలా అరుదు.

ఒకటి పురుగు వల్ల వచ్చేది, మూడు వారాల మాత్రలతో తగ్గేది. ఇంకోటి శరీరం తన మీద తనే తిరగబడేది, ఏళ్ల తరబడి వైద్యం కావాల్సింది. పైకి రెండూ ఒకటే: పిల్లికూతలు, ఇసినోఫిల్స్. ఎట్లా వేరు చేయాలి?

డాక్టర్లు చూసే గుర్తులు కొన్ని చెప్తా. రక్తనాళాలు వాస్తే రక్తం అందక నరాలు దెబ్బతింటాయి. ఉన్నట్టుండి ఒక పాదం పైకి లేవదు, చెప్పు జారిపోతుంది, నడుస్తుంటే కాలు ఈడుస్తారు. చేతులు కాళ్లు తిమ్మిరి. కాళ్ల మీద ఊదారంగు మచ్చలు, నొక్కినా రంగు పోదు. ముక్కులో కండలు, ఏళ్ల తరబడి సైనస్. కొందరికి గుండె కూడా దెబ్బతింటుంది. ఇవన్నీ ఫైలేరియా దగ్గులో ఉండవు. ఇంకో పక్క, ఫైలేరియా ఉన్న ప్రాంతంలో నివాసం, ఫైలేరియా యాంటీబాడీ పరీక్ష పాజిటివ్, డైఇథైల్ కార్బమజైన్ మొదలుపెట్టిన కొద్ది రోజులకే తేడా రావడం, ఇవి మొదటి జబ్బు వైపు చూపిస్తాయి. ఆంకా అనే రక్త పరీక్ష ఈజీపీఏలో కొందరికి పాజిటివ్ వస్తుంది, ఎక్కువమందికి రాదు. కాబట్టి నెగటివ్ వచ్చింది కదా అని ఊరుకోకూడదు. చివరికి చాలాసార్లు చర్మం నుంచో నరం నుంచో చిన్న ముక్క తీసి చూడాల్సిందే.

ఈజీపీఏకు మొదటి మందు స్టెరాయిడ్. 1948లో తొలిసారి కార్టిసోన్ ఒక కీళ్లవాతం రోగికి ఇచ్చారు, 1950లో దానికి నోబెల్ వచ్చింది. జబ్బు తీవ్రంగా ఉంటే ఇంకా బలమైన మందులు తోడు ఇస్తారు. తగ్గినాక మళ్లీ తిరగబెట్టకుండా కొందరికి మెథోట్రెక్సేట్ ఇస్తారు. ఆ మెథోట్రెక్సేట్ ఎక్కడ పుట్టిందో చెప్పమంటారా? లెడర్లీలో, సుబ్బారావు బృందం దగ్గర. మొదట క్యాన్సర్ కోసం తయారైంది, ఇప్పుడు కీళ్లవాతానికీ, కొన్ని వాస్క్యులైటిస్‌లకూ వాడుతున్నారు. ఈ రెండు జబ్బుల్లో ఏ దారిలో పోయినా భీమవరం కుర్రాడు ఎదురొస్తాడు. 2017 నుంచి ఇసినోఫిల్స్‌ను నేరుగా తగ్గించే మెపోలిజుమాబ్ ఇంజెక్షన్‌కు కూడా అమెరికాలో ఈ జబ్బు కోసం అనుమతి వచ్చింది. ఖరీదు మాత్రం మామూలు ఇంటికి అందేది కాదు.

సరే, ఇదంతా మనకెందుకు?

ఎందుకంటే తప్పు పేరు పడే ప్రమాదం ఇంకా పోలేదు. అప్పుడు అన్నీ టీబీ. ఇప్పుడు పిల్లికూత వినబడగానే అన్నీ ఆస్తమా, లేకపోతే "కొంచెం అలర్జీ, ఒక సూది వేస్తా".

మా బంధువుల్లో ఒకాయన కథ చెప్తా. ఊరి పేరు, డాక్టరు పేరు వద్దు. ఏడాదిన్నర దగ్గు. పల్లెలో సూది వేసినప్పుడల్లా నాలుగు రోజులు హాయి, మళ్లీ మొదలు. ఆ సూదిలో ఉన్నది స్టెరాయిడ్ అని ఆయనకు తెలీదు. ఎవరో టీబీ అన్నారు, భయపడి ఇంట్లో చెప్పకుండా దాచుకున్నాడు. కూతురి పెళ్లి మాటలు నడుస్తున్నాయి మరి. చివరికి కర్నూలు పెద్దాసుపత్రికి పోతే, ఒక కుర్ర డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఇంతకు ముందు ఏమేం మందులు వాడినావు పెద్దాయనా? చీటీలు ఉన్నాయా?" అని. ఆయన భీమవరం వైపు వరి కోతలకు వలస పోయొస్తుంటాడని కూడా అడిగి తెలుసుకుంది. తెమడ పరీక్షలో టీబీ లేదు. ఇసినోఫిల్స్ వేలల్లో ఉన్నాయి. తర్వాత ఆయన వాడింది మూడు వారాల మాత్రలు. ఆయన దాచుకున్నది ఏడాదిన్నర.

ఇక్కడ స్టెరాయిడ్ గురించి ఒక మాట. అది ఇసినోఫిల్స్‌ను గంటల్లో కిందికి దించేస్తుంది. అంటే సూది వేయించుకుని పోయి రక్త పరీక్ష చేయించుకుంటే, అసలు గుర్తే చెరిగిపోయి ఉండొచ్చు. పిల్లికూత రెండు జబ్బుల్లోనూ కొన్నాళ్లు తగ్గుతుంది, లోపల జబ్బు మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఒంట్లో కొన్ని రకాల నులిపురుగులు ఉన్నప్పుడు చూసుకోకుండా స్టెరాయిడ్ ఇస్తే అవి ఒళ్లంతా పాకి ప్రాణం మీదికి తేగలవు. అందుకే డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు పాత చీటీలు, ఖాళీ మాత్రల అట్టలు కూడా తీసుకుపోండి. ఫోన్‌లో ఫోటో తీసి పెట్టుకున్నా చాలు. వలస పోయొచ్చిన ఊర్లు కూడా చెప్పండి. సీమ నుంచి కోస్తాకు, బెంగుళూరుకు, గల్ఫ్‌కు పోయొచ్చే ఇళ్లు మనవి. జబ్బు మనతో పాటు ప్రయాణం చేస్తుంది.

ఇంకో జాగ్రత్త కూడా చెప్పాలి, లేకపోతే ఈ ఎపిసోడ్ వల్ల మేలు కంటే కీడు ఎక్కువ. ఇది విని "నాది టీబీ కాదేమో, ఇసినోఫిల్స్ ఏమో" అని టీబీ మందులు ఆపేయొద్దు. మన దగ్గర రెండు వారాలు మించిన దగ్గుకు మొదట చూడాల్సింది ఇప్పటికీ టీబీనే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షా ఉచితం, మందులూ ఉచితం. తెమడ పరీక్షలో టీబీ తేలితే కోర్సు పూర్తిగా వాడాలి, బాగవుతుంది. నేను చెప్పేది ఒక్కటే. పరీక్షల్లో ఏదీ తేలకుండా, మందులు వాడినా తగ్గకుండా ఉంటే, "ఇంకేమైనా అయి ఉండొచ్చా డాక్టర్?" అని మర్యాదగా అడగండి. సీబీసీ రిపోర్టు చాలామంది ఫోన్లలో ఉంటుంది. అందులో హిమోగ్లోబిన్ ఒక్కటే చూసి మూసేస్తాం. కింద ఇసినోఫిల్స్ వరస కూడా ఉంటుంది. అది బాగా ఎక్కువగా ఉంటే, దగ్గుతో పాటు పాదం జారడం, తిమ్మిరి, ఊదా మచ్చలు ఉంటే, ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రిలో చూపించండి. కర్నూలు మెడికల్ కాలేజీ 1950ల నుంచి ఉంది, కడప రిమ్స్ 2006 నుంచి. మా అవ్వ కాలంలో లేని దారులు ఇవి.

1948లో మన దేశంలో బీసీజీ టీకాలు మొదలైనప్పుడు, ఆ పని మొదట జరిగిన చోట్లలో మదనపల్లె ఒకటి. మీ భుజం మీద చిన్న మచ్చ ఉందే, ఆ కథలో కూడా ఆ ఊరు ఉంది. ఆరోగ్యవరం ఇప్పటికీ ఆసుపత్రిగా నడుస్తోంది. ఎప్పుడైనా హార్స్‌లీ హిల్స్‌కు పోతే దారిలో చూసి పోండి.

మా అవ్వ ఇప్పుడు లేదు. ఉంటే ఈ కథ చెప్పేవాణ్ణి. "అవ్వా, మదనపల్లెకు పోయొచ్చినోళ్లందరికీ టీబీ లేదంట" అని. ఆమె ఏమనేదో నాకు తెలుసు. కాసేపు ఆలోచించి, "అయితే ఆ పిల్ల పెండ్లి చెడగొట్టినామే సామీ" అనేది.

మీ ఇండ్లలో కూడా ఇట్లాంటి పాత మాట ఏదో ఒకటి ఉంటుంది. ఫలానా ఇంట్లో ఫలానా జబ్బు అని. ఈసారి ఊరికి పోయినప్పుడు పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి, అసలు ఏం జరిగిందో. ఆ జబ్బు పేరు నిజమో కాదో ఎవరికి తెలుసు.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.